"ప్రభుత్వం గుళ్ళను వదిలెయ్యాల" అంటే సరిగ్గా ఏ సెక్షన్ కొట్టెయ్యాల?

పెనుమూరు_రైతు:
టీవీ చర్చల్లో, గోడల మీద, వాట్సాప్‌లో ఒకటే మాట: గుళ్ళను ప్రభుత్వం వదిలెయ్యాల. సరే, వదిలేసిందనే అనుకుందాం. మర్నాడు పొద్దున ఏం మారతాది? ఏ చట్టంలో ఏ ముక్క పోవాల, ఆ చోట ఏం రావాల? తిరుమల, శ్రీకాళహస్తి, కాణిపాకం, పల్లెల్లో రామాలయాలు, అన్నిటికీ ఒకటే మందా? నినాదాలు వద్దు సామీ. తెలిసినోళ్ళు లెక్కతో చెప్పండి.

లాపాయింట్_చిత్తూరు:
అన్నా, వదిలెయ్యడం ఒక్క పని కాదు. అందుకే ఎవరూ సెక్షన్ నంబరు చెప్పరు.

రాజ్యాంగంలో దీనికి సంబంధించినవి 25 నుంచి 28 దాకా ఉన్న అధికరణాలు. 26(బి) ప్రకారం మత వ్యవహారాలు ఆ మతశాఖవాళ్ళే (అంటే ఒకే సంప్రదాయం పాటించే సమూహమే, సర్కారు శాఖ కాదు) చూసుకోవచ్చు. 26(డి) ప్రకారం ఆస్తి నిర్వహణ కూడా వాళ్ళదే, కానీ "చట్టప్రకారం" అని ఒక తోక ఉంది. సర్కారు లోపలికొచ్చేది ఆ తోక పట్టుకునే. దానికి తోడు 25(2)(ఎ) ఉంది: మతాచారంతో ముడిపడిన ఆర్థిక, ఇతర లౌకిక కార్యకలాపాలను చట్టంతో నియంత్రించొచ్చు. 1976లో 42వ సవరణతో పీఠికలో "లౌకిక" అనే మాట చేరినా ఈ అధికరణాల్లో ఒక్క అక్షరం మారలేదు.

1954లో ఉడుపి శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. ఏ పూజ ఎట్ల చెయ్యాలి, ఏ నైవేద్యం పెట్టాలి అనేది మతం. ఆ నైవేద్యానికి బియ్యం ఏ ధరకు కొన్నారు, రసీదు ఉందా అనేది లౌకికం. అదే ఏడాది రతిలాల్ గాంధీ కేసులో ఇంకో మాట చెప్పింది: నియంత్రించొచ్చు గానీ, నిర్వహణ హక్కును మతశాఖ చేతుల్లోంచి పూర్తిగా లాగేసుకునే చట్టం చెల్లదు.

మన రాష్ట్రంలో అసలు చట్టం 1987 నాటి 30వ చట్టం. తిరుమల తిరుపతి దేవస్థానాలకు అందులో 14వ అధ్యాయం ప్రత్యేకంగా ఉంది. గుడికీ సర్కారుకీ మధ్య అందులో నాలుగు ముడులున్నాయి: నియామకం, డబ్బు, ఆడిట్, పూజ. ఒక్కో ముడి విప్పితే ఒక్కోటి జరుగుతుంది. నాలుగూ ఒకేసారి కత్తిరిస్తే ఏమవుతుందో తిరుపతి చరిత్రలోనే ఉంది. కపిలతీర్థం గారు చెప్తే బాగుంటుంది.

కపిలతీర్థం:
చెప్తాను. ప్రభుత్వం తిరుమల నుంచి తప్పుకోవడం కొత్త ఆలోచన కాదు. 1843లోనే ఆ పని జరిగింది.

1801లో ఉత్తర ఆర్కాటు కంపెనీ పాలన కిందికి వచ్చాక కొండ మీద వసూళ్ళు, ఖర్చులు కలెక్టర్ చేతికి వెళ్ళాయి. 1817 మద్రాసు రెగ్యులేషన్ దేవస్థానాల అజమాయిషీని రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1821లో ఆలయ పాలనకు రాతపూర్వక నిబంధనలు వచ్చాయి, వాటినే బ్రూస్ కోడ్ అంటారు. అంటే కంపెనీ దొరలే గుడి పద్దులు రాయించారు. మిగులు సొమ్ము కూడా కంపెనీ ఖజానాకే వెళ్ళేది.

తర్వాత ఇంగ్లండులో మిషనరీ వర్గాలు గొడవ పెట్టాయి. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనను నడిపించడమేమిటి, తప్పుకోండి అని. ఆ ఒత్తిడితో 1843లో కంపెనీ తప్పుకుని, హాథీరాంజీ మఠం మహంతును విచారణకర్తగా పెట్టింది. అక్కణ్ణుంచి 1933 దాకా, 90 ఏళ్ళు, మహంతుల పాలన. మతాన్నీ ప్రభుత్వాన్నీ విడగొట్టడం మన ఊళ్ళో ఇట్ల మొదలైంది. ఇప్పుడు విడగొట్టమంటున్నవాళ్ళు, అప్పుడు విడగొట్టమన్నవాళ్ళు పూర్తిగా వేరే వర్గాలు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఆ 90 ఏళ్ళలో లోపం ఎక్కడొచ్చిందంటే, అధికారం అప్పగించారు గానీ లెక్క అడిగే మనిషిని పెట్టలేదు. 1863 చట్టంతో మిగతా చోట్లా సర్కారు ఆలయ నిర్వహణ నుంచి ఇదే పద్ధతిలో తప్పుకుంది. అక్రమాలు జరిగితే దారి ఒక్కటే, సివిల్ కోర్టు. తిరుమల వ్యవహారం ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. దావా వేసి గెలిచేలోపు ఏళ్ళు గడిచేవి.

మహంతులు ఏమీ చెయ్యలేదని కాదు, వాళ్ళ కాలంలో బడులు వచ్చాయి, కట్టడాలు వచ్చాయి. కానీ లెక్కల మీద నమ్మకం పోయింది. 1920ల్లో మద్రాసు శాసనమండలిలో హిందూ దేవాదాయ బిల్లు తెచ్చిన పానగల్ రాజా ఎవరో గుర్తుందా? మన శ్రీకాళహస్తిలో పుట్టినాయనే. తర్వాత 1933లో తిరుమలకు విడిగా చట్టం వచ్చి దేవస్థానం కమిటీ, కమిషనర్ పద్ధతి మొదలైంది. అంటే సర్కారు తిరిగి వచ్చింది. ఈసారి దొరలు కాదు, మనవాళ్ళు ఓట్లేసిన సభ ద్వారా.

పెనుమూరు_రైతు:
ఇది తెలీదు. అయితే నాలుగు ముడుల్లో మొదటిది చెప్పండి. నియామకం.

లాపాయింట్_చిత్తూరు:
టీటీడీలో బోర్డును నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కార్యనిర్వహణాధికారినీ (ఈవో) ప్రభుత్వమే నియమిస్తుంది. ఆచరణలో ఆ కుర్చీలో కూర్చునేది ఐఏఎస్ అధికారే. ఇద్దరి బదిలీ తాళం సచివాలయంలోనే ఉంటుంది. 2019లో ప్రభుత్వం మారింది, బోర్డు మారింది. 2024లో ప్రభుత్వం మారింది, మళ్ళీ బోర్డు మారింది. 2021లో అయితే బోర్డు సభ్యులు చాలక 50 మందికి పైగా "ప్రత్యేక ఆహ్వానితుల"ను పెడుతూ జీవో ఇచ్చారు. హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఏ పార్టీ అని చూడొద్దు, తాళం అక్కడ ఉన్నంతకాలం ఎవరొచ్చినా ఇంతే.

ఈ ఒక్క ముడి విప్పడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 14వ అధ్యాయంలో బోర్డు నియామకం సెక్షన్ మారిస్తే చాలు, శాసనసభలో మామూలు మెజారిటీ సరిపోతుంది. చిక్కు ఎక్కడంటే, మరి నియమించేదెవరు?

స్వర్ణముఖి:
భక్తులే ఎన్నుకోవచ్చు కదా. పంజాబులో 1925 గురుద్వారాల చట్టం కింద సిక్కులు కమిటీని ఓట్లేసి ఎన్నుకుంటారు.

లాపాయింట్_చిత్తూరు:
అక్కడ ఓటరు ఎవరో చట్టం నిర్వచించింది. కేశధారి సిక్కు, వయసు, ఊరు. తిరుమలకు ఓటరు ఎవరు? తిరుపతివాసులా? చెన్నై నుంచి నడిచొచ్చేవాళ్ళా, మహారాష్ట్రవాళ్ళా? ఓటరు జాబితా రాయలేని చోట ఎన్నిక పెట్టలేం. పైగా ఎన్నిక పెడితే పార్టీలు రావని ఎవరు చెప్పగలరు? గురుద్వారా కమిటీ ఎన్నికలు పార్టీల మధ్యే జరుగుతాయి.

కేరళ దారి వేరు. 1950 చట్టం ప్రకారం తిరువాంకూరు దేవస్వం బోర్డులో ముగ్గురే. ఇద్దరిని మంత్రిమండలిలోని హిందువులు నామినేట్ చేస్తారు, ఒకరిని శాసనసభలోని హిందూ సభ్యులు ఎన్నుకుంటారు. రాజకీయం పోలేదు, కొంచెం పంచుకున్నారంతే. ఆ మాటకొస్తే 290ఎ అధికరణం కింద కేరళ ఖజానా నుంచి ఏటా 46 లక్షల 50 వేలు ఆ దేవస్వం నిధికి కట్టాలని రాజ్యాంగంలోనే ఉంది. మన రాజ్యాంగం గోడ కట్టలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గంగమ్మ_గుడివీధి:
ఎన్నికలు వద్దప్పా, ఇప్పుడుండే ఎన్నికలే చాలు 🙏

పద్దుల_పద్మ:
డబ్బు ముడి నేను చెప్తా. ఇందులో సగం అపోహలే.

మొదటి అపోహ: "హుండీ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది." పోదు. టీటీడీ ఆదాయం టీటీడీ నిధిలోనే ఉంటుంది. 2025-26 బడ్జెట్టు 5,258.68 కోట్లు. అందులో హుండీ అంచనా 1,729 కోట్లు, డిపాజిట్ల మీద వడ్డీ 1,310 కోట్లు, ప్రసాదాల మీద 600 కోట్లు. జీతాలకే 1,773 కోట్ల పైన. బడ్జెట్టును బోర్డు ఆమోదిస్తుంది, తర్వాత ప్రభుత్వం దగ్గరికి వెళ్తుంది.

రెండో అపోహ దీనికి తలకిందులు: "ప్రభుత్వానికి పైసా పోదు." పోతుంది, కానీ చందా రూపంలో. మామూలు ఆలయాలకు లెక్క ఇట్ల ఉంటుంది. కాణిపాకం, శ్రీకాళహస్తి లాంటి పెద్ద గుళ్ళు దేవాదాయ పరిపాలన నిధికి 8 శాతం, సర్వశ్రేయోనిధికి 9, అర్చక సంక్షేమానికి 3, ఆడిట్ ఫీజు 1.5. మొత్తం 21.5. లెక్కకొచ్చే ఆదాయం కోటి అయితే 21 లక్షల 50 వేలు. టీటీడీకి శాతం పద్ధతి కాదు, ఏటా ఒక నిర్ణీత మొత్తం. దాన్ని 2021లో ఆర్డినెన్సుతో 50 కోట్లకు పెంచారు.

ఇవన్నీ ఒకే గాటన కట్టకూడదు. సర్వశ్రేయోనిధి నుంచి పాడుపడిన చిన్న గుళ్ళు బాగవుతాయి. పెద్ద గుడి చిన్న గుడిని పోషించడం అన్నమాట, దాంట్లో నాకు తప్పు కనిపించదు. 8 శాతం సంగతి వేరు. దాంతో శాఖ జీతాలు, జీపులు నడుస్తాయి. అజమాయిషీ చేసేవాడికి జీతం అజమాయిషీ చేయించుకునే గుడే కడుతోంది. మద్రాసు 1951 చట్టంలో ఇలాంటి చందానే శిరూర్ మఠం కేసులో పన్ను అని కొట్టేశారు. తర్వాత చట్టాలు దాన్ని "సేవకు ఫీజు" అని రాసుకుని నిలబెట్టుకున్నాయి. ఫీజు అయితే సేవ కనిపించాలి. ఒకే ఈవో చేతిలో పదుల కొద్దీ చిన్న గుళ్ళు పెట్టి, సంతకం కోసం అర్చకుణ్ణి తిప్పితే అది ఏ సేవ?

స్వర్ణముఖి:
పద్మగారూ, తిరుపతిలో అసలు రంధ్రం అది కాదు. ఖజానాకు పోదు సరే, ఖజానా కట్టాల్సింది టీటీడీ కడుతోంది కదా. శ్రీనివాస సేతు చూడండి. లీలామహల్ మీదుగా పోయే ఫ్లైఓవర్. టీటీడీ వాటా 67 శాతం, స్మార్ట్ సిటీ వాటా 33. మొత్తం 684 కోట్లలో టీటీడీ పెట్టింది 458. వంతెన కట్టడం మతమా, ప్రభుత్వ పనా?

పద్దుల_పద్మ:
మంచి ప్రశ్న. దాన్ని సమర్థించేవాళ్ళ వాదన ఇది: వంతెన మీద పోయేది ఎక్కువగా యాత్రికుల వాహనాలే, కాబట్టి భక్తుల సౌకర్యం కింద చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ తర్కాన్ని సాగదీస్తే తిరుపతిలో డ్రైనేజీ కాలువ కూడా భక్తుల సౌకర్యమే అవుతుంది. 2023లో బోర్డు బడ్జెట్టులో 1 శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. అప్పటి బడ్జెట్టులో 1 శాతం అంటే సుమారు 44 కోట్ల లెక్క. గొడవ రేగాక ప్రభుత్వమే దాన్ని ఒప్పుకోలేదు.

పనికొచ్చే పరీక్ష ఒకటి చెప్తా. ఆ ఖర్చు టీటీడీ లేని ఊళ్ళో ఎవరు పెడతారు? మదనపల్లెలో మున్సిపాలిటీ పెడుతుందా? అయితే తిరుపతిలోనూ మున్సిపాలిటీదే. ఎవరూ పెట్టరా? అన్నదానం, క్యూ కాంప్లెక్సు, ఘాట్ రోడ్డు లాంటివా? అయితే దేవస్థానానిది. ఈ పరీక్ష చట్టంలో లేదు. ఉంటే బాగుండేది.

కపిలతీర్థం:
ఆస్పత్రులు, కాలేజీలు మాత్రం ఈ పరీక్షకు లొంగవు. స్విమ్స్, బర్డ్, పద్మావతి కాలేజీ, ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ... గుళ్ళు వైద్యం, చదువు నడపడం ప్రభుత్వ శాఖలు పుట్టకముందు నుంచే ఉంది. అందులో ప్రభుత్వ పని ఏదో, దేవుడి పని ఏదో విడదీయబోతే రెండూ చెడతాయి.

పెనుమూరు_రైతు:
టీటీడీ బళ్ళలో శ్లోకాలు చెప్పించొచ్చా? సర్కారు బడిలో మతబోధ కూడదంటారే.

లాపాయింట్_చిత్తూరు:
28(1) ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదు. 28(2) మినహాయింపు: ప్రభుత్వం నడిపించినా సరే, మతబోధ ఉండాలనే ధర్మదాయం లేదా ట్రస్టు కింద పెట్టిన సంస్థ అయితే చేయొచ్చు. ప్రభుత్వ గుర్తింపో, సాయమో పొందే సంస్థ ఏదైనా 28(3) కిందికి వస్తుంది: పిల్లవాడి తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బలవంతం చెయ్యకూడదు. చాలాచోట్ల ఈ సమ్మతి కాగితం మర్చిపోతారు. అడ్మిషన్ ఫారంలోనే ఒక గడి పెడితే గొడవ ఉండదు.

ఉద్యోగాల సంగతి కూడా ఇక్కడే చెప్తా. "టీటీడీలో హిందువులే ఉండాలంటే వివక్ష కాదా" అని అడుగుతుంటారు. 16(5) చూడండి: మత సంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవికి ఆ మతస్థుడే ఉండాలనే చట్టం చెల్లుతుంది. వాదన మిగిలేది అంచుల్లో. ఆస్పత్రిలో రేడియాలజీ టెక్నీషియన్ పదవి మత వ్యవహారమా కాదా అని. 2025 ఫిబ్రవరిలో 18 మంది అన్యమత ఉద్యోగులపై చర్య తీసుకున్నప్పుడు కొండ మీది కొలువునూ కింద ఆస్పత్రి కొలువునూ ఒకే కొలతతో కొలవొచ్చా అనే ప్రశ్న వచ్చింది.

గంగమ్మ_గుడివీధి:
పూజ ముడి ఎవరూ చెప్పలా.

కపిలతీర్థం:
1987 చట్టం అర్చకత్వంలో వారసత్వ హక్కును, మిరాశీని తీసేసింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం, చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తర్వాత. తిరుమల అర్చకుల తరఫున నారాయణ దీక్షితులు కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996లో తీర్పు: అర్చకుణ్ణి నియమించడం లౌకికం, అర్చన చేసే తీరు మతం. వారసత్వం మతంలో అంతర్భాగం కాదు. మిరాశీ రద్దు చెల్లింది. కానీ అర్చకులకు సంక్షేమ పథకం పెట్టమని కోర్టు చెప్పింది. 2007 సవరణలో అర్హత ఉన్న అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు వచ్చింది. ఈ తీర్పు మీద నాకు అసంతృప్తి ఉంది. వైఖానసంలో (తిరుమలలో పూజలు నడిచే ఆగమం) పుట్టుకతో వచ్చే సంస్కారాన్ని నియామకపు ఉత్తర్వు స్థాయికి దించేసింది. కానీ చట్టం అదే.

గీత ఎక్కడ మసకబారుతుందంటే, వైకుంఠ ద్వారం. ఇదివరకు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులు. 2020 డిసెంబరు నుంచి పది రోజులు. పీఠాధిపతుల్ని, ఆగమ పండితుల్ని అడిగే చేశామన్నారు. ఇది ఆగమమా, రద్దీ నిర్వహణా? రెండూ. 2025 జనవరి 8న టోకెన్ల కోసం తిరుపతిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయాక, రద్దీ వైపు నుంచి అడిగే ప్రశ్నకు బరువు పెరిగింది. ద్వారం ఎన్నాళ్ళు తెరవాలో చెప్పేది పండితులు, బారికేడ్ ఎక్కడ పెట్టాలో చెప్పేది పోలీసులు. ఒకరి పని ఇంకొకరు చేసినప్పుడే తేడా వస్తుంది.

లాపాయింట్_చిత్తూరు:
కోర్టుకు పోదామనుకునేవాళ్ళకు ఒక సూచన. పూజ ఎట్ల చెయ్యాలో చెప్పమని రిట్ వెయ్యకండి. 2021 నవంబరులో తిరుమల కైంకర్యాల్లో లోపాలున్నాయని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసేసింది. పూజా విధానంలో మేం జోక్యం చేసుకోం, ఫిర్యాదుకు టీటీడీ జవాబివ్వాలి, కావాలంటే కింది కోర్టులో దావా వేసుకోండి అంది. డబ్బు, ఆస్తి, నియామకం మీదైతే రిట్ నిలబడుతుంది.

స్వర్ణముఖి:
చిదంబరం తీర్పుతో తిరుమల కూడా విడిపించొచ్చు అంటున్నారు?

లాపాయింట్_చిత్తూరు:
తమిళనాడు చిదంబరం నటరాజస్వామి గుడి మీద 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఇది: పాలన చెడితే ప్రభుత్వం తాత్కాలికంగా తీసుకోవచ్చు, చెడు సరిదిద్దాక తిరిగి ఇచ్చెయ్యాలి. అక్కడ తిరిగి ఇవ్వడానికి మనుషులున్నారు, ఆ గుడి అర్చక సమూహం పొదు దీక్షితులు. వాళ్ళు ఒక మతశాఖ అని ముందే తీర్పులున్నాయి. తిరుమల తిరిగి ఎవరికి ఇవ్వాలి? మహంతు మఠానికా, జియ్యర్లకా (తిరుమల వైష్ణవ మఠాధిపతులు), అర్చకులకా? ముగ్గురూ ముగ్గురికి ఒప్పుకోరు. చిన్న గుళ్ళకు మాత్రం ఆ దారి ఉంది. 1996 పన్నాలాల్ కేసులో వంశపారంపర్య ధర్మకర్తృత్వం రద్దును నిలబెడుతూనే, గుడి కట్టించిన కుటుంబంలో మనిషికి ట్రస్టు బోర్డు అధ్యక్ష స్థానం దక్కేలా కోర్టు వ్యాఖ్యానించింది. పల్లెల్లో దీన్ని వాడుకునేవాళ్ళు తక్కువ.

పద్దుల_పద్మ:
నాలుగో ముడి, ఆడిట్. విడదీయకూడని ముడి ఏదైనా ఉంటే ఇదే. ఇప్పుడు టీటీడీ పద్దులు చూసేది రాష్ట్ర ఆడిట్ శాఖ. అంటే బోర్డును వేసినవాళ్ళే, ఈవోను పంపినవాళ్ళే ఆడిటర్నీ పంపుతారు. 2020లో బోర్డే కాగ్ (రాష్ట్రం చేతిలో లేని రాజ్యాంగ ఆడిట్ సంస్థ) ఆడిట్ కావాలని తీర్మానించి ప్రభుత్వానికి పంపింది. నా మటుకు నాకు నియామకం ముడి విప్పడానికి ముందే ఇది మారాలి. 1843లో చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

2024 నెయ్యి వివాదం చూడండి. ఆరోపించింది ప్రభుత్వ పెద్దలు, సరుకు కొన్నది ప్రభుత్వం వేసిన బోర్డు కాలంలో, మొదట దర్యాప్తు పెట్టిందీ ప్రభుత్వమే. చివరికి సుప్రీంకోర్టు సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసు నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరితో బృందం వెయ్యాల్సి వచ్చింది. బయటి ఆడిట్ ముందే ఉంటే, ట్యాంకరు దిగేటప్పుడే నమూనా తీసి బయటి ల్యాబుకు పంపే పద్ధతి ముందే ఉంటే, దేవుడి లడ్డూ రాజకీయాల్లోకి వచ్చేది కాదు.

గంగమ్మ_గుడివీధి:
ఇమాములకు, పాస్టర్లకు సర్కారు డబ్బులిస్తుంది. గుళ్ళ దగ్గర తీసుకుంటుంది. ఇది ఏ సెక్యులరిజం?

లాపాయింట్_చిత్తూరు:
సగం నిజం. ఇమాముకు 10 వేలు, మౌజనుకు 5 వేలు, పాస్టరుకు 5 వేలు గౌరవ వేతనం ఖజానా నుంచే. ధూపదీప నైవేద్యం కింద ఆదాయం లేని గుళ్ళకు ఇచ్చేదాన్ని 2024లో 5 వేల నుంచి 10 వేలకు పెంచారు. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలూ ప్రభుత్వం తరఫునే. ఇవన్నీ 27వ అధికరణం కింద ప్రశ్నించదగ్గవే. ఒక మతం పోషణకు ప్రత్యేకంగా కేటాయించిన పన్ను కట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని ఆ అధికరణం. కానీ 2011 ప్రఫుల్ గోరాడియా కేసులో హజ్ సబ్సిడీ మీద కోర్టు చెప్పిన కొలత ఏమిటంటే, వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి వెళ్తేనే ఉల్లంఘన. అంత వదులు కొలతలో ఏ పథకమైనా దూరిపోతుంది. ఆ సబ్సిడీ ఆగింది 27వ అధికరణం వల్ల కాదు. 2012లో కోర్టు దశలవారీగా ఎత్తేయమంది, 2018లో ప్రభుత్వం ఆపేసింది.

వక్ఫ్ సంగతి అడుగుతారేమో. వక్ఫ్ సంస్థల నుంచీ బోర్డు చందా తీసుకుంటుంది. ఇదివరకు 7 శాతం దాకా ఉండేది, 2025 సవరణలో గరిష్ఠం 5కు దించారు. అక్కడా బోర్డుల్లో ప్రభుత్వ నామినేషన్లే ఉన్నాయి.

మోడరేటర్:
వక్ఫ్ 2025 చట్టానికి విడిగా దారం ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఆలయాల వరకే.

పెనుమూరు_రైతు:
ఫ్రాన్సులో అయితే ఏ గొడవా లేదంటారు కదా?

కపిలతీర్థం:
1905 చట్టంతో చర్చినీ ప్రభుత్వాన్నీ విడగొట్టారు. కానీ అంతకుముందు కట్టిన చర్చిల భవనాలు ప్రభుత్వానివో మున్సిపాలిటీలవో అయ్యాయి. పారిస్ నోత్రదామ్ సొంతదారు ఫ్రెంచి ప్రభుత్వమే. ఆల్సాస్, మోసెల్ ప్రాంతాలు అప్పుడు జర్మనీలో ఉండటం వల్ల ఆ చట్టం అక్కడ అమలు కాలేదు. ఇప్పటికీ అక్కడ పాదిరీలకు జీతం సర్కారుదే.

పెనుమూరు_రైతు:
పెద్ద గుళ్ళు సరే. పల్లెలో రామాలయానికి రెండెకరాల మాన్యం ఉండి, ఆదాయం ఏటా 2 లక్షల లోపు ఉంటే, ఊరోళ్ళు ఇప్పుడే చెయ్యగలిగింది ఏముంది?

లాపాయింట్_చిత్తూరు:
అది 6(సి) తరగతి గుడి. చెడేది ఎక్కువగా భూమి దగ్గరే. మీభూమి వెబ్‌సైట్లో సర్వే నంబరు కొట్టి అడంగల్ (సాగు రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు) రెండూ తీయండి. పట్టాదారు గడిలో దేవుడి పేరు ఉండాలి. అనుభవదారు గడిలో అర్చకుడి పేరో కౌలుదారు పేరో ఉంటే తప్పు లేదు. ఆ పేరు పట్టాదారు గడిలోకి జరిగితే అమ్మకానికి దారి పడినట్టే. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో, 22ఎ కింద, ఆ నంబరు ఉందో లేదో చూడండి. సబ్‌డివిజన్ జరిగిన నంబర్లు జాబితాలో ఎక్కకుండా తప్పిపోతుంటాయి. 112 ఉంటుంది, 112/2ఎ ఉండదు. కొనేవాడు దాన్నే పట్టుకుంటాడు. దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం ముందస్తు మంజూరు లేని అమ్మకం చెల్లదు గానీ, రిజిస్ట్రేషన్ అయ్యాక రద్దు చేయించడం ఏళ్ళ పని.

పద్దుల_పద్మ:
అదే సమయంలో జిల్లా దేవాదాయ అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. "గుడి వివరాలు ఇవ్వండి" అని రాస్తే దులిపేస్తారు. 43వ సెక్షన్ కింది ఆస్తుల రిజిస్టరు నకలు, చివరి మూడేళ్ళ కౌలు వేలం రికార్డు, గుడి కట్టిన చందా రసీదులు, చివరి ఆడిట్ నివేదిక అని పేరుపేరునా అడగండి. నగల జాబితా విడిగా అడగాలి, భూమితో కలిపితే ఒకటిచ్చి ఒకటి వదిలేస్తారు.

పంచాయతీ నిధుల సంగతి కూడా గుర్తుంచుకోండి. గుడికి రోడ్డు, జాతరకు నీళ్ళు, వీధిదీపం, చెత్త ఎత్తడం పంచాయతీ చెయ్యొచ్చు, అవి ఏ సంతకైనా చేసేవే. ఉత్సవ విగ్రహానికో గోపురం సున్నానికో పంచాయతీ సొమ్ము పద్దు రాస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, చివరికి తీర్మానం మీద సంతకం పెట్టిన సర్పంచి జేబులోంచి కట్టాల్సొస్తుంది.

పెనుమూరు_రైతు:
112/2ఎ సంగతి రేపే చూపిస్తా మా వీఆర్వోకి. కౌలు వేలం గుడి దగ్గర జరపాలా, మండలాఫీసులోనా?

లాపాయింట్_చిత్తూరు:
ఎక్కడ జరిగినా బహిరంగ వేలమే కావాలి, ముందుగా దండోరా వేయించి నోటీసు గుడి గోడకూ పంచాయతీ బోర్డుకూ అతికించమనండి. అతికించిన రోజు ఫోటో తీసి పెట్టుకోండి. వేలం చెల్లదని తర్వాత ఎవరు వాదించినా ముందు అడిగేది దాన్నే.